నుయ్యి మినహా

చి. చిన్నోడికి, బరంపురం నుంచి మీ అత్త ఆశీర్వదించి రాయునది.

మొన్న నువ్వు వచ్చి వెళ్ళినప్పుడు నీ క్లాట్ (లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) మాక్ టెస్టు కాగితాలు మా టీవీ పక్కన వదిలేసి వెళ్ళావు. మరిచిపోయావో, పర్లాకిమిడి తీసుకెళ్తే మీ నాన్న చూస్తాడని కావాలనే వదిలేశావో నేను అడగను. రాత్రి కోర్టు ఫైళ్ళు పక్కన పెట్టి వాటినే చూస్తూ కూర్చున్నాను. నాలుగు మాకులు: 52, 49.5, 53.25, ఆఖరిది 48.25. రెండు నెలలుగా అక్కడక్కడే తిరుగుతున్నావు. నిన్న మీ నాన్న ఫోన్ చేసి "ఇంకో టెస్ట్ సిరీస్ కొనమంటున్నాడక్కా, కొననా?" అన్నాడు. వద్దన్నది నేనే. నా మీద కోపంగా ఉంటావు. ఉండు, కానీ ఇది చదివాక ఉండు.

ఆ ఆఖరి కాగితమే తీసుకుందాం. 120 ప్రశ్నల్లో 112 గుర్తించావు. 61 ఒప్పు, 51 తప్పు. తప్పుకి పావు మార్కు చొప్పున 12.75 పోయి 48.25 మిగిలింది. "నా ఇంగ్లీషు వీక్ అత్తా, అందుకే" అని నువ్వు తేల్చేశావు. నేను ఆ 51నీ ఒక్కొక్కటే విప్పి చూశాను. రెండు రాత్రులు పట్టింది. పద్నాలుగు నీకు నిజంగానే తెలియనివి, అందులోనూ ఇంగ్లీషు మాట అర్థం కాక పోయినవి మూడో నాలుగో. తొమ్మిది, ప్రశ్నలో "నాట్" అనో "ఎక్సెప్ట్" అనో ఉన్న మాట మీద నీ కన్ను పడక పోయినవి. పదకొండు రెండు ఆప్షన్ల మధ్య ఊగి చివరికి తప్పుదాని మీద వాలినవి. మిగతా పదిహేడూ ఆఖరి నాలుగు పాసేజీలవి. ఆ పేజీల్లో ఎక్కడా పెన్సిలు గీత కూడా లేదు. నువ్వు వాటిని చదవనే లేదు నాన్నా, గుండ్రాలు నింపావంతే.

ఇప్పుడు చెప్పు, ఇందులో ఇంగ్లీషు చేసిన నేరం ఎంత?

నా సంగతి ఒకటి చెప్తాను. మీ నాన్నకి కూడా తెలియదు. లా పాసై సీనియరు దగ్గర చేరిన మొదటి ఏడాది. ఒక రైతు పొలం కొనబోతూ పాత దస్తావేజు పట్టుకొచ్చాడు. మన వైపు ఊళ్ళు 1936లో ఒడిశాలో కలిసేదాకా మద్రాసు రాజధానిలోవే కదా, ఆ కాగితం తెలుగులో ఉంది. మా సీనియరుకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. నా చేతికిచ్చి ఏముందో చెప్పమన్నారు. గబగబా తిప్పేశాను. సొంత భాష, పైగా నాలుగు హద్దులూ తెలిసిన ఊళ్ళే. "అంతా సరిగ్గానే ఉంది సార్" అన్నాను. ఏడో పేజీలో, చెట్ల లెక్క రాసిన వాక్యం చివర, "ఉత్తరపు నుయ్యి, నూతికి పోవు దారి మినహా" అని ఉంది. ఆ రైతు ఆ పొలం కొన్నదే ఆ నూతి కోసం. రిజిస్ట్రీ అయ్యాక అమ్మినవాడి పాలివాళ్ళు వచ్చి నూతికి అడ్డం కంచె వేశారు. అప్పుడా రైతు మా ఆఫీసు గుమ్మంలో నిలబడి ఒక్కటే అన్నాడు, "అమ్మా, మీరు చదివారు కదా" అని. అరిచి ఉంటే బాగుండేది.

అది ఇంగ్లీషు కాదు, నా అమ్మ భాష. అయినా తప్పింది. ఆ రోజు నుంచి ఎవరు నవ్వినా సరే, కాగితం చదివేటప్పుడు పెన్సిలు మొన లైను కింద నడిపిస్తాను. "మినహా", "తప్ప", "అయితే", "షరతు మీద" కనిపిస్తే గుండ్రం చుడతాను. నువ్వూ అదే చెయ్యి. ఇంగ్లీషులో వాటి పేర్లు వేరు: అన్‌లెస్, ఎక్సెప్ట్, హవెవర్, ప్రొవైడెడ్ దట్, ఓన్లీ ఇఫ్. పాసేజీ వెయ్యి వంకర్లు పోయినా ప్రశ్న మాత్రం సాధారణంగా ఈ మాటల దగ్గరే కాపు కాసి ఉంటుంది.

ఇక రెండు ఆప్షన్ల మధ్య ఊగిన ఆ పదకొండు సంగతి. నాకు చాలా ఇష్టమైన తప్పులు అవి. ఎందుకంటే చదివే పిల్లలే చేస్తారు. నీ కాగితంలో 71వ ప్రశ్న గుర్తుందా? పాసేజీలో 1868 నాటి ఇంగ్లండు కేసు, రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్. తన భూమిలోకి ప్రమాదం తెచ్చే వస్తువుని తెచ్చిపెట్టుకున్నవాడు, అది బయటపడి పక్కవాడికి నష్టం చేస్తే, తన అజాగ్రత్త లేకపోయినా బాధ్యుడే. కానీ ఎవరూ ఊహించలేని ప్రకృతి విపత్తు వల్ల జరిగితే బాధ్యత లేదు. ఇంతే పాసేజీ చెప్పింది. కింద ప్రశ్నలో ఒకడు పెద్ద నీటి తొట్టి కట్టాడు, ఎన్నడూ ఎరగని తుఫాను వచ్చి గట్టు తెగింది, పక్క రైతు వరి కొట్టుకుపోయింది. బాధ్యుడా, కాదా?

నువ్వు "బాధ్యుడు" పెట్టావు. పక్కన పెన్సిలుతో చిన్నగా "ఎం.సి. మెహతా" అని కూడా రాసుకున్నావు. చూసి నవ్వొచ్చింది, ముద్దూ వచ్చింది. 1985లో ఢిల్లీలో ఓలియం గ్యాసు లీకైన తరవాత మన సుప్రీంకోర్టు ఆ కేసులో మినహాయింపులు లేని బాధ్యత అన్నది. అది నిజమే. కానీ ఆ మాట అన్నది ప్రమాదకరమైన పరిశ్రమల గురించి, నీటి తొట్టి గురించి కాదు. అంతకంటే ముఖ్యం, పాసేజీలో మెహతా లేడు. నువ్వు గైడులో చదివినదాన్ని పరీక్ష హాల్లోకి మోసుకెళ్ళావు. లీగల్ రీజనింగు విభాగంలో నీకు చట్టం ఎంత తెలుసని ఎవరూ అడగటం లేదు. ఇచ్చిన సూత్రాన్ని ఇచ్చిన సంగతికి అంటించగలవా అని అడుగుతున్నారు. పాసేజీలో సూత్రం నీకు నచ్చకపోయినా, అసలు చట్టమే వేరైనా, ఆ ఐదు ప్రశ్నల సేపూ అదే చట్టం.

ఇంకో అనుమానం కూడా ఉంది నాకు. 2018లో తిత్లీ తుఫానుకి మన గజపతి జిల్లాలో ఏం జరిగిందో నువ్వు కళ్ళారా చూశావు. కొట్టుకుపోయిన వరి అనగానే నీ మనసు ఆ రైతు వైపు వెళ్ళిపోయి ఉంటుంది. అది మంచి గుణం, లాయరుకి కావలసిందే. పరీక్ష రాసే రెండు గంటలు మాత్రం బయట చెప్పులతో పాటు విడిచి వెళ్ళు.

అందుకే ఇంకో టెస్ట్ సిరీస్ వద్దన్నాను. వారానికి ఒక్క మాక్ టెస్టు చాలు. మూడు రోజులు దాని తప్పులతో కాపురం చెయ్యి. ఒక పొడుగాటి నోటుబుక్కు తీసుకో. ప్రశ్న నంబరు, నువ్వు పెట్టిన జవాబు, ఎందుకు పెట్టావు, అది తప్పని పాసేజీలో ఏ లైను చెప్తోంది. "ఎందుకు" అన్న చోట నిజం రాయి. "నిద్రొచ్చింది", "రెండో ఆప్షను పొడుగ్గా ఉంది కాబట్టి కరెక్టనుకున్నా", "ముందు ప్రశ్న గురించే ఆలోచిస్తున్నా", ఏదైనా పర్వాలేదు. జవాబుల కీలో ఉన్న వివరణ అక్కడ కాపీ కొట్టకు, అది వాళ్ళ బుర్ర, నీది కాదు. ఒప్పైనవాటిలో కూడా అనుమానంతో పెట్టినవి ఉంటాయి, వాటికీ చోటివ్వు. నాలుగు వారాలయ్యాక వెనక్కి తిప్పితే రెండు మూడు జబ్బులే మళ్ళీ మళ్ళీ వస్తున్నట్టు కనిపిస్తుంది. మందు వాటికి వెయ్యాలి. మొదటి రెండు వారాల్లో మార్కులు ఇంకా తగ్గుతాయేమో కూడా. నిదానంగా చదవటం అలవాటయ్యే దాకా టైము చాలదు. భయపడి పాత దారికి పోకు.

నువ్వు చదివేటప్పుడు నీ పెదాలు కదులుతాయి, చూశాను. ప్రతి ఇంగ్లీషు వాక్యాన్నీ లోపల తెలుగులోకి మార్చుకుంటున్నావు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, క్లాట్ మాత్రం ఇంగ్లీషులోనే. మన సరిహద్దు పిల్లలకి ఇది పాత బాధే. కానీ లెక్క చూడు. 120 నిమిషాలు, 120 ప్రశ్నలు. ఐదు ప్రశ్నలున్న పాసేజీకి చదవటంతో కలిపి ఐదు నిమిషాలు. 450 మాటల్ని వాక్యానికో వాక్యంగా మార్చుకుంటూ పోతే చదవటానికే ఆ ఐదూ అయిపోతాయి. ఆ పదిహేడు గుడ్డి గుండ్రాలు ఇక్కడ పుట్టినవే. పేరా అయ్యేదాకా ఇంగ్లీషులోనే పోనీ. ఎక్కడైనా మాట తెలియకపోయినా ఆగకు. పేరా చివర ఒక్క ముక్క తెలుగులో అనుకో: "వీడు చట్టాన్ని తప్పు పట్టడం లేదు, అమలు చేసినవాణ్ణి తప్పు పడుతున్నాడు." అంతే. రోజూ ది హిందూ సంపాదకీయం ఒకటి గడియారం పెట్టుకుని అలా చదువు. రాత్రి అన్నాల దగ్గర మీ అమ్మకి ఆ సంగతి చెప్పు. మీ అమ్మ "అయితే చివరికి వాడేమంటాడ్రా?" అని అడుగుతుంది. దానికి జవాబు తడబడితే పొద్దున్న మళ్ళీ చదువు. మీ అమ్మని మించిన మాక్ టెస్టు లేదు, ఉచితం కూడా.

గుడ్డిగా పెట్టడం గురించి మీ స్నేహితులు ఏవేవో లెక్కలు చెప్తున్నట్టున్నారు. నాలుగు ఆప్షన్లలో కళ్ళు మూసుకుని పదహారు పెడితే సగటున నాలుగు తగులుతాయి, పన్నెండు తప్పుతాయి. నాలుగు వచ్చి మూడు పోతాయి, మిగిలేది ఒక్క మార్కు. నష్టమేం లేదు, లాభమూ పెద్దగా లేదు. నీకైతే ఆ సగటు కూడా రాలేదు, ఇరవై పెడితే మూడే తగిలాయి. అదే రెండు ఆప్షన్లు కచ్చితంగా కాదని కొట్టేయగలిగితే మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టెయ్యి, అక్కడ నీ ధైర్యానికి ధర ఉంది. ఒక్క ఆప్షనూ కొట్టేయలేని ప్రశ్న దగ్గర నిమిషం కూడా నిలబడకు.

కరెంట్ అఫైర్సు, లీగల్, ఒక్కోటీ 28 నుంచి 32 ప్రశ్నలు, అంటే రెండూ కలిసి సగం కాగితం. పేపరు ఎటూ రోజూ చదువుతావు కాబట్టి దాని గురించి వేరే చెప్పను. లెక్కలు 10 నుంచి 14. శాతాలు, నిష్పత్తులు, సగటులు, పదో తరగతి దాటవు. నువ్వు వాటి సాధన మొత్తంగా వదిలేస్తున్నావు. కొట్లో కూర్చుని మీ నాన్నకి జీఎస్టీ లెక్కలు చేసిపెట్టేవాడివి శాతాలకి భయపడటమేమిట్రా?

ఇంకోటి. ఫోనులో మాకులు రాయకు. పరీక్ష కాగితం మీద, బాల్ పెన్నుతో, ఓఎంఆర్ షీటులో. నింపిన గుండ్రం చెరిపేది లేదు. కాబట్టి ప్రింటు తీయించుకుని, అన్నీ చివర్లో నింపుదామని దాచుకోకుండా, ఒక పాసేజీ అవగానే దాని గుండ్రాలు నింపెయ్యి. ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా రాయి, ఈ మధ్య ఏళ్ళలో అసలు పరీక్ష ఆ వేళకే పెడుతున్నారు. ఆ రోజు మాత్రం పొద్దున్నే పఖాళ (చద్దన్నం) గిన్నె ముందు కూర్చోకు. చల్లగా కడుపు నిండా తిని రెండింటికి ఇంగ్లీషు పాసేజీ చదివినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మీ నాన్నకి ఒక మాట. విశాఖ దగ్గర సబ్బవరంలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ మనకి దగ్గరే, మన తెలుగువాళ్ళ మధ్యే, నిజమే. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన అక్కడి స్థానిక సీట్లు మనకి రావు, అవి ఆంధ్ర వాళ్ళవి. మన కాగితాలు ఒడిశావి. మనకి స్థానిక సీట్లుండేది కటక్‌లోని నేషనల్ లా యూనివర్సిటీలో. కాబట్టి తహసీల్దారు ఆఫీసులో నివాస ధృవీకరణ పత్రానికి ఇప్పుడే అర్జీ పెట్టమను, ఆఖరి నిమిషం దాకా ఆగొద్దను. ఎక్కడా రాకపోతే బరంపురం ఉంది, మా ఇంట్లో గది ఉంది. నేను ఇక్కడే చదివాను, నల్లకోటు నాకేం పొట్టి కాలేదు.

మీ నాన్న నీకు రోజూ గిరిగారి కథ చెప్తున్నాడట. బరంపురంలో పుట్టి, 1913లో లా చదవటానికి డబ్లిన్ వెళ్ళి, చివరికి రాష్ట్రపతి అయ్యారని. గొప్ప సంగతే. ఆయన కాలంలో ఓఎంఆర్ షీటు లేదని మీ నాన్నతో చెప్పు.

కాగితాలు రేపటి బస్సులో పంపుతున్నాను. తప్పుల పక్కన ఎర్ర పెన్నుతో నేను రాసినవి చదివి, నువ్వు ఒప్పుకోనివాటి మీద అడ్డంగా గీత కొట్టి నాతో వాదించు. వచ్చే ఆదివారం మాక్ టెస్టు అయ్యాక మార్కులు నాకు చెప్పొద్దు. నోటుబుక్కు ఫోటో తీసి పంపు. కాగితాలతో పాటు రెండు కట్టలు అప్పడాలు పెట్టాను, ఒకటి మీ అమ్మకి. పోయినసారి ఆవకాయ పంపిన సీసా ఇంకా తిరిగి రాలేదు, అది కూడా గుర్తు చెయ్యి.

ఇట్లు,
మీ అత్త