పన్నీటి పళ్లెం

ఆటల మాస్టారు జవాబులు

ప్రశ్న: మాస్టారూ, మా పాప తొమ్మిదో తరగతి. స్కూల్లో క్విజ్ కోసం 1957 వింబుల్డన్ మహిళల సింగిల్స్ గురించి చదువుతోంది. ఆల్తియా గిబ్సన్ గెలిచిందని ఉంది గానీ, ప్రైజు మనీ ఎంతో ఎక్కడా దొరకలేదు. ఎంత ఇచ్చి ఉంటారు? ఇంకోటి, 1956లో పారిస్‌లో ఆమె 6-0, 12-10తో గెలిచిందట. ఆ 12-10 అచ్చుతప్పా?
- ఒక తల్లి, కావలి

జవాబు: పాప సరిగానే వెతికిందమ్మా. లేనిది ఎట్లా దొరుకుతుంది? అప్పట్లో వింబుల్డన్ అమెచ్యూర్లకే. డబ్బు పుచ్చుకుని ఆడేవాళ్లకు ప్రవేశం లేదు. 1968లో ఆ అడ్డు తీసేశారు. ఆ ఏడు గెలిచిన బిల్లీ జీన్ కింగ్‌కు 750 పౌండ్లు, మగవాళ్లలో గెలిచిన రాడ్ లేవర్‌కు 2,000 పౌండ్లు. ఇద్దరికీ సమానంగా ఇవ్వడానికి 2007 దాకా ఆగాల్సి వచ్చింది!

గిబ్సన్‌కు దక్కింది ఎలిజబెత్ రాణి చేతుల మీదుగా ఒక వెండి పళ్లెం. పేరు వీనస్ రోజ్‌వాటర్ డిష్. అంటే పన్నీటి పళ్లెమే. మనం పెళ్లిలో పన్నీరు చల్లుతాం, వాళ్లు విందుల్లో పన్నీటితో చేతులు కడుక్కోవడానికి ఇలాంటివి వాడేవాళ్లు. వీనస్ విలియమ్స్ పేరు పెట్టారని పిల్లలు నాతో వాదిస్తారు. అది 1864లో తయారైన పళ్లెం, ఆమె పుట్టింది 1980లో. అసలు పళ్లెం క్లబ్బులోనే ఉంటుంది, గెలిచినవాళ్లు ఇంటికి తీసుకెళ్లేది చిన్న నమూనా.

పళ్లెం అంటే నాకొకటి గుర్తొస్తుంది. నేను డ్రిల్లు మాస్టారుగా చేరిన కొత్తలో, నెల్లూరు దగ్గర ఒక ఊళ్లో బాల్ బ్యాడ్మింటన్ పోటీలు పెడితే మా ఆడపిల్లలు గెలిచారు. తలా ఒక స్టీలు పళ్లెం ఇచ్చారు. తిప్పి చూస్తే ప్రతి పళ్లెం మీదా దాత పేరు, ఆయన తండ్రి పేరు, ఊరి పేరు చెక్కి ఉన్నాయి. పిల్లల పేర్లు మాత్రం లేవు. మా కెప్టెన్ ఏమీ అనలేదు. మర్నాడు స్టీలు సామాన్ల కొట్టుకు పోయి, సొంత డబ్బుతో అంచు మీద తన పేరు చెక్కించుకుని వచ్చింది.

గిబ్సన్ పేరు మాత్రం వింబుల్డన్ వాళ్లే చెక్కించారు. అంతదాకా రావడమే ఆమెకు పెద్ద పోరాటం. పుట్టింది సౌత్ కరోలినాలో, పెరిగింది న్యూయార్క్ హార్లెంలో. నల్లజాతి పిల్ల కావడంతో అమెరికా జాతీయ పోటీల్లో 1950 దాకా ఆడనివ్వలేదు. పాత చాంపియన్ ఆలిస్ మార్బుల్ ఒక టెన్నిస్ పత్రికలో తన సాటివాళ్లను గట్టిగా కడిగేస్తూ రాశాకే తలుపు తెరుచుకుంది. 1955-56లో అమెరికా ప్రభుత్వం పంపిన బృందంతో మన దేశానికి కూడా వచ్చి ఆడి వెళ్లింది. 1957 ఫైనల్లో డార్లీన్ హార్డ్‌ను 6-3, 6-2తో ఓడించి, వింబుల్డన్ సింగిల్స్ గెలిచిన తొలి నల్లజాతి క్రీడాకారిణి అయింది. న్యూయార్క్‌లో కాగితం ముక్కలు చల్లి ఊరేగించారు. 1958లోనూ టైటిల్ ఆమెదే.

ఊరేగింపుతో ఇల్లు గడవదు కదమ్మా. ఆ తర్వాత ప్రొఫెషనల్‌గా మారి, హార్లెం గ్లోబ్‌ట్రాటర్స్ బాస్కెట్‌బాల్ ఆటకు ముందు జనానికి ప్రదర్శన టెన్నిస్ ఆడింది. వింబుల్డన్ రెండుసార్లు గెలిచిన మనిషి! నాకైతే ఇప్పటికీ మింగుడు పడదు. తర్వాత గోల్ఫ్‌లోకి వెళ్లింది.

ఇక 12-10 అచ్చుతప్పు కాదు. అప్పటికి టై బ్రేక్, అంటే గేములు సమానమైనప్పుడు సెట్టును ఒక్క గేముతో తేల్చేసే పద్ధతి, లేదు. వింబుల్డన్‌లోకి అది 1971లో వచ్చింది. అంతకుముందు 6-6 అయితే రెండు గేముల తేడా వచ్చేదాకా ఆడుతూ పోవడమే. పారిస్‌లో ప్రత్యర్థి ఏంజెలా మార్టిమర్ రెండో సెట్టులో 22 గేముల దాకా లాగింది. 1958 వింబుల్డన్ ఫైనల్లోనూ ఆమే ఎదురు, తొలి సెట్టు 8-6. పాపను ఇది కూడా రాసుకోమనండి.