బీర పిందెలు రాలుతుంటే మందు కాదు, వేళ చూసుకోండి

ప్రశ్న: ఇంటి వెనుక చిన్న స్థలంలో బీర, టమాట, బంతి పెట్టాను. బీర పిందెలు వేలెడంత కూడా కాకముందే పసుపు రంగుకు తిరిగి రాలిపోతున్నాయి. తేనెటీగలు రావడం లేదని రోజూ పొద్దున్నే నేనే పుప్పొడి అంటిస్తున్నా, అయినా నిలవడం లేదు. టమాట ఏపుగా పెరిగింది కానీ పూతంతా రాలుతోంది. బంతి సన్నగా సాగి రెండు పూలు పూసి ఆగింది. ఏ మందు కొట్టాలి?

జవాబు: ముందు ఆ మందు ఆలోచన పక్కన పెట్టండి. మీరు రాసినదాన్ని బట్టి తెగులు లక్షణాలేవీ కనిపించడం లేదు, పైగా పూత మీద మందు పడితే ఎప్పుడో ఒకటి వచ్చే తేనెటీగ కూడా రాదు.

చేత్తో పుప్పొడి అంటించడం చాలా మంచి పని, వేళ ఒక్కటే తప్పింది. దోస, గుమ్మడి, కాకర పూలు పొద్దున విచ్చుకుంటాయి, బీర, సొర మాత్రం సాయంత్రం విచ్చుకుంటాయి. దోసకు చెప్పిన పద్ధతినే చాలామంది బీరకూ పాటించి మీలాగే నిరాశపడుతుంటారు. ఈ రోజు సాయంత్రం ఐదు దాటాక పాదు దగ్గర నిలబడి చూడండి. గుత్తులుగా వచ్చేవి మగపూలు, అడుగున చిన్న పిందెతో ఒంటరిగా ఉండేది ఆడపువ్వు. అప్పుడే విచ్చుకున్న మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్య భాగానికి మెల్లగా రుద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. పిందె నిలిస్తే కొద్ది రోజుల్లోనే సాగడం మొదలవుతుంది, చూస్తే మీకే తెలుస్తుంది.

దానికంటే ముందు రాలిన పిందెను ఒకటి నిలువుగా కోసి చూడండి. లోపల తెల్లటి పురుగులు ఉంటే అది పండు ఈగ పని, పుప్పొడితో సంబంధం లేదు. అప్పుడు రాలినవన్నీ ఏరి లోతుగా పాతిపెట్టి, నిలిచిన లేత కాయలకు కాగితం సంచులు తొడగండి. అక్కడే వదిలేస్తే ఆ పురుగులే మట్టిలోకి దిగి మళ్లీ ఈగలై వస్తాయి.

టమాట సంగతి వేరు. దాని పువ్వులోనే ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి కాబట్టి గాలికి ఊగితే చాలు. నగరంలో నాలుగు గోడల మధ్య గాలి ఆడదు, అందుకే పొద్దుటి పూట పూగుత్తి ఉన్న కొమ్మను వేలితో మెల్లగా తట్టండి. ఏపుగా పెరిగి కాయ పట్టడం లేదంటే నత్రజని ఎక్కువైందేమో చూసుకోండి, యూరియా గానీ పేడ ఎరువు గానీ వేస్తుంటే కాయలు పట్టేదాకా ఆపేయండి. పగటి ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్కపోతగా ఉంటే మాత్రం మీరేం చేసినా పూత కొంత రాలుతుంది, దానికి టెన్షన్ పడకండి, వాతావరణం చల్లబడితే అదే మొక్క మళ్లీ కాస్తుంది.

ఇక బంతి సన్నగా సాగిందన్నారు చూశారా, నాకు అసలు అనుమానం అక్కడే. ఎండ చాలని మొక్కే అలా సాగుతుంది. ఒక సెలవు రోజు గంటకోసారి వెళ్లి ఆ స్థలంలో నేరుగా ఎండ ఎన్ని గంటలు పడుతుందో రాసుకోండి. ఈ మూడింటికీ కనీసం ఆరు గంటలు కావాలి. మూడు నాలుగు గంటలే వస్తుంటే అక్కడ పాలకూర, పుదీనా వేసుకుని, బంతిని, టమాటను కుండీల్లో ఎండ ఉన్న వైపుకు మార్చండి. కొత్తగా నాటే బంతి జానెడు ఎత్తు రాగానే తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి గుబురుగా పూస్తుంది.

తేనెటీగల కోసమైతే ముద్దబంతి కంటే ఒంటిరేకు బంతి, కాస్మోస్, పూతకు వదిలేసిన తులసి బాగా పనికొస్తాయి. అవి వచ్చినా బీరకు మీ సాయంత్రపు పని తప్పదు, ఎందుకంటే ఆ పువ్వు తెరుచుకునే వేళకు తేనెటీగలు చాలావరకు గూటికి చేరిపోతాయి.