చిన్న ఫంక్షన్ హాలుకి లైన్ ఎరే అవసరమా?

మీ హాలు 60×40 అడుగులు, సీలింగ్ 12 అడుగులు, గ్రానైట్ నేల, 250 కుర్చీలు. పక్కకి నాలుగేసి చిన్న లైన్ ఎరే బాక్సులు (ఒకదాని కింద ఒకటి వరుసగా కలిపి వేలాడదీసే స్పీకర్లు) కొనాలా, స్టాండ్ల మీద రెండు 12 అంగుళాల టాప్స్ (మాట, పాట వినిపించే మామూలు స్పీకర్ బాక్సులు) సరిపోతాయా అని అడిగారు. మాటలు, భజనలు, చిన్న ఆర్కెస్ట్రా వరకైతే టాప్సే చాలు. గొంతు స్పష్టంగా లేక మాట గింగురుమంటోంది అంటేనే ఎరే గురించి ఆలోచించండి.

దూరం రెట్టింపైతే మామూలు స్పీకర్లో శబ్దం 6 డీబీ (డెసిబెల్, శబ్దం కొలత) పడుతుంది, ఎరేలో 3 డీబీయే అని షాపువాళ్లు చెబుతారు. నాలుగు బాక్సులకి ఆ లెక్క పెద్దగా పనికిరాదు. బాక్సు 25 సెం.మీ. అనుకుంటే మొత్తం ఎత్తు మీటరు. మీటరు ఎరే 1 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు ఒకటిన్నర మీటర్ల వరకే అలా పనిచేస్తుంది, 8 కిలోహెర్ట్జ్ దగ్గర 11-12 మీటర్ల వరకు. 340 హెర్ట్జ్ కిందైతే ధ్వని తరంగమే మీటరు దాటుతుంది కనుక పైకీ కిందికీ కట్టడి ఉండదు. మీకు దక్కే అసలు లాభం వేరు: సీలింగ్‌కీ నేలకీ సన్నని (హై ఫ్రీక్వెన్సీ) శబ్దం తక్కువ తగిలి, మాట విడివిడిగా వినపడుతుంది.

ఆ లాభం కోణాల మీదే ఆధారపడి ఉంటుంది. పై బాక్సు 3 మీటర్ల ఎత్తులో ఉండి, 16 మీటర్ల దూరంలో చివరి వరుస కూర్చుంటే (చెవి ఎత్తు 1.2 మీటర్లు), దాన్ని దాదాపు 6 డిగ్రీలు కిందికి వంచాలి. కింద మూడు జాయింట్లకి 2, 3, 5 డిగ్రీలు ఇస్తే కింది బాక్సు 16 డిగ్రీలకి వచ్చి ముందు వరుసని చూస్తుంది. అన్నీ నిటారుగా పెడితే శబ్దమంతా తలల మీదుగా వెనక గోడకి కొట్టుకుని, తిరిగి స్టేజీ మైకులోకి వచ్చి కూత మొదలవుతుంది. పాత హాళ్లలో సగం గోల ఇదే. పీవోపీ సీలింగ్ చానెల్‌కి మాత్రం వేలాడదీయకండి. స్లాబ్ యాంకర్, విడిగా సేఫ్టీ వైరు తప్పనిసరి.

నాలుగు బాక్సులు కలిసినప్పుడు 250-400 హెర్ట్జ్ ఉబ్బి, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. అక్కడ 3 నుంచి 6 డీబీ తగ్గించండి. గాయకుల మైకులకి 100-120 హెర్ట్జ్ దగ్గర లో-కట్ (అంతకంటే కింది శబ్దాన్ని కోసేసే ఫిల్టర్) వేయండి.

టాపుని బేస్ స్పీకర్‌తో (సబ్‌వూఫర్) కలపడానికి: ఒకవైపు టాపు, బేసు మాత్రమే ఆన్ చేసి, మిక్సర్ దగ్గర నిలబడి క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ (బేసు ఆగి టాపు అందుకునే చోటు, తరచుగా 100 హెర్ట్జ్) టోను పెట్టండి. బేసు పొలారిటీ (ప్లస్, మైనస్) తిప్పండి. టేపుతో కొలిచిన దూరం తేడాకి 34 సెం.మీ.కి 1 మిల్లీసెకను చొప్పున, దగ్గరున్నదానికి డిలే (శబ్దం కాస్త ఆలస్యంగా వచ్చేలా) ఇచ్చి మొదలుపెట్టి, శబ్దం అతి తక్కువయ్యే చోట ఆపండి. ఇప్పుడు పొలారిటీ మామూలుగా పెట్టండి. శబ్దం అతి ఎక్కువయ్యే చోటు చెవికి సరిగ్గా దొరకదు, అందుకే తగ్గేదాన్ని వెతకడం.

ఆంప్లిఫయర్ కలపకముందే సాకెట్లో మల్టీమీటర్ పెట్టి 230 వోల్టులు ఉన్నాయో చూడండి. త్రీ ఫేజ్ బోర్డులో న్యూట్రల్ వదులైతే ఒక ఫేజు 400 వైపు ఎగబాకుతుంది. కూలర్లు, లైట్లు వేసి తీసేటప్పుడు రీడింగ్ ఊగుతోందంటే, ముందు ఎలక్ట్రీషియన్ని పిలవండి.