ఈ ఏడాది నచ్చింది ఒక్కటే, అదీ పైకి చదివింది

"ఈమధ్య మీకు బాగా నచ్చిన పుస్తకాలేవి, ఇకముందు ఏవి చదువుదామనుకుంటున్నారు?" అని కదా ప్రశ్న. పది పేర్లు రాసి పడేయగలను కానీ ఈ ఏడాది నేను సరిగ్గా చదివింది డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' ఒక్కటే. కాలేజీ రోజుల్లో ఒకసారి చదివి, బాగుంది అనుకుని పక్కన పెట్టేసిన పుస్తకమే ఇది.

మొన్న వేసవిలో అమ్మకి శుక్లాల ఆపరేషన్ చేయించడానికి పీలేరు నుంచి హైదరాబాద్ తీసుకొచ్చాను. వారం రోజులు కళ్ళకి శ్రమ వద్దు, టీవీ పేపరు బంద్ అన్నారు. జీవితమంతా వారపత్రికల సీరియల్స్ మీద బతికిన మనిషి, నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని రెండో రోజుకే నన్నూ, ఫ్యానునూ, పక్కింటి మిక్సీనీ తిట్టడం మొదలుపెట్టింది. సరే అని అలమరాలో సన్నగా కనిపించిన పుస్తకం తీశాను. పందులు మేపుకునే ముసలాయన, ఈనడానికున్న పంది ఇంటికి రాలేదని పొద్దుగూకే వేళ వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు, అదీ కథ. రెండు పేజీలు కాకముందే అమ్మ ఆపేసింది. "ఏమిరా అది, రేడియోలో వార్తలు చెప్పినట్టు చదవతా ఉండావు?"

ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఉద్యోగం చేస్తూ నా యాసని నేనే ఇస్త్రీ చేసేసుకున్నానని అప్పుడు తెలిసింది. ఇక అక్కణ్ణుంచి ముసలాయన మాట వచ్చిన ప్రతిచోటా నన్ను ఆగమని, అదే మాట తను మళ్ళీ అనేది, ఎక్కడ సాగదీయాలో ఎక్కడ తుంచాలో తనకే తెలుసు. మూడో రోజు సాయంత్రం మాత్రం ఏమీ అనకుండా చాలాసేపు ఊరుకుంది. తర్వాత, "మా ఊళ్ళో కూడా ఉండేవాడురా ఇట్టాంటాయన. ఆ దావన పోయేటప్పుడు ముక్కు మూసుకుని పోయేవాళ్ళం. పేరేందో కూడా ఎవురూ అడగల్యా" అంది. నేను ఏదో అనబోతుంటే, చుక్కల మందు టైమయింది వెయ్యి అంది.

కాబట్టి మాండలికం అర్థం కాదు, అందుకే ఇలాంటివి చదవం అనేవాళ్ళకి నా జవాబు ఒకటే, పైకి చదవండి. కంటికి అడ్డం పడిన మాట చెవికి అర్థమవుతుంది, గ్యారంటీ. ఇంకో సంగతి, ఈ నవలని మెచ్చుకోవాలంటే, 'ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ'లో క్యూబా జాలరి ముసలాయన కథ రాసిన హెమింగ్వేని పిలుచుకురావడం ఎందుకో నాకు అర్థం కాదు. చిత్తూరు జిల్లా ముసలాయనకి క్యూబా ముసలాయన ఇచ్చే కాండక్ట్ సర్టిఫికెట్ కావాలా? రాసినాయన ఎక్కడో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేస్తూ, సొంత జిల్లా మాటని మనసులో అంత పచ్చిగా ఎలా దాచుకున్నాడో, మాట్లాడితే దాని గురించి మాట్లాడాలి.

తర్వాత నామిని 'మూలింటామె' చదివాను. సగం దాకా పడీపడీ నవ్విన అమ్మ, చివరికొచ్చేసరికి ఇట్టాంటివి ఎందుకు చదివి వినిపిస్తావని నన్నే తిట్టింది.

ఇక ప్లాన్లు. బండి నారాయణస్వామి 'శప్తభూమి', 2019లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, అనంతపురం సీమ పాలెగాళ్ళ కాలం నాటి కథ. ఇది రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్లో అమ్మకి చదవాలని ఒప్పందం. 'వేయిపడగలు' కూడా ఉంది లెండి, విశ్వనాథ వారు 29 రోజుల్లో నోటితో చెబుతూ తమ్ముడి చేత రాయించారంటారు, నేను 29 నెలల్లో సగం దాటలేదు. అది కూడా చెప్పి రాయించిందే కాబట్టి పైకి చదివితేనే సాగుతుందేమో చూడాలి.

అసలు బెంగ పతంజలి 'వీరబొబ్బిలి' గురించి. కుక్క హీరోగా ఉన్న ఆ నవలని నా పీలేరు నోటితో చదివితే పాపం తగులుతుంది, విజయనగరం యాస పలికే మనిషి కావాలి. పైగా నా కాపీ నా దగ్గర లేదు. ఆన్‌లైన్లో ఇంగ్లీషు పుస్తకం ఏదడిగినా రెండు రోజుల్లో గుమ్మంలో ఉంటుంది, తెలుగు పుస్తకం అడిగితే మాత్రం అవుట్ ఆఫ్ స్టాక్, డిసెంబర్లో బుక్ ఫెయిర్ దాకా ఆగాల్సిందే. నా కాపీ ఆరేళ్ళ కింద పట్టుకుపోయినవాడిది బొబ్బిలి పక్క ఊరే. ఒరేయ్, ఇది నీ కంటబడితే పుస్తకం తిరిగివ్వక్కర్లేదు, ఒక ఆదివారం దాన్ని పట్టుకొచ్చి పైకి చదివి, భోంచేసి పో.