బుజ్జికి, కూపన్ల సంగతి

పర్లాకిమిడి

బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు బరంపురంలో స్కూలు ఉద్యోగం మానేసి కూపన్ల బ్లాగు పెట్టుకుంటానంటున్నావని చెప్పి ఏడ్చినంత పని చేసింది. దానికి ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, తర్వాత నాకూ నిద్ర పట్టలేదు. మన ఇంటి ఆడపిల్ల సొంతంగా ఒక పని మొదలుపెడుతోందంటే నాకు గర్వంగానే ఉంది. భయం కూడా ఉంది. ఫోన్‌లో చెబితే నువ్వు "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, నిదానంగా చదువు.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. ఈ పని నేర్పిస్తామని ఎవరో 25,000 రూపాయలు అడిగారట, దానికి నీ గొలుసు తాకట్టు పెడతానన్నావట. ఆ గొలుసు మీ అమ్మమ్మది. అది బ్యాంకులో పెట్టావని తెలిస్తే నేను బస్సెక్కి వచ్చి నీ గుమ్మంలో కూర్చుంటాను. అమెజాన్ అఫిలియేట్‌గా, అంటే మన లింకు మీద అమ్ముడైనదానికి కమీషన్ తీసుకునేవాళ్ళుగా, చేరడానికి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. మిగతా పెద్ద ప్రోగ్రాములకీ కట్టక్కర్లేదు. డబ్బు కడితేనే చేర్చుకుంటామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యి. నేర్చుకోవాల్సింది నా దగ్గర నేర్చుకో, 2017 నుంచి ఇదే చేస్తున్నాను కదా. స్టీలు సామాన్ల కొట్టు మూసేశాక మీ అన్నయ్య నా చేతిలో ఫోన్ పెట్టి నేర్పిన పని ఇది. మొదటి అయిదు నెలల్లో నాకు వచ్చింది మొత్తం 640 రూపాయలు. ఇప్పుడు పండగ నెలలో 12,000 దాకా వస్తుంది, చప్పగా ఉన్న నెలలో 2,000 కూడా దాటదు. ఉద్యోగం మానకు అని నేను అంటున్నది ఈ లెక్క చూసే.

పని ఎలా జరుగుతుందో నీకు తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి చెబుతాను. నువ్వు పెట్టిన లింకులో నీ గుర్తు ఉంటుంది. చదివినవాళ్ళు దాన్ని నొక్కి దుకాణంలోకి వెళ్ళి కొంటే, ఆ గుర్తు చూసి నీకు కమీషన్ రాస్తారు. ఆ గుర్తుకి గడువు ఉంటుంది. అమెజాన్‌లో అయితే 24 గంటలే. ఈలోగా సామాను బుట్టలో వేసుకుంటే గడువు ఇంకా పెరుగుతుంది. చాలా దుకాణాలు చివరిగా ఎవరి లింకు నొక్కారో వాళ్ళకే కమీషన్ ఇస్తాయి. నువ్వు రెండు రోజులు కూర్చుని మిక్సీల గురించి మంచి వ్యాసం రాస్తావు. చదివినావిడ కొనబోయే ముందు "కూపన్ ఏదైనా ఉందేమో" అని వెతికి ఇంకొకరి పేజీలో నొక్కుతుంది. డబ్బు వాళ్ళకి వెళ్ళిపోతుంది. మొదట్లో ఇది చాలా బాధ పెడుతుంది. కూపన్ కూడా నీ వ్యాసంలోనే ఉంటే ఆవిడ బయటికి వెళ్ళదు. కూపన్ల పనికి ఉన్న బలం అదే.

కమీషన్ రాసినట్టు కనబడగానే డబ్బు వచ్చేసిందనుకోకు. కమీషన్ ముందు పెండింగ్‌లో ఉంటుంది. కొన్నావిడ వస్తువు వెనక్కి పంపిస్తే అది పోతుంది. బట్టలూ చెప్పులూ ఎక్కువగా వెనక్కి వెళతాయి, గిన్నెలూ కుక్కర్లూ తక్కువ. నేను కుక్కర్లనే పట్టుకుని ఉండిపోవడానికి అదొక కారణం. వెనక్కి ఇచ్చే గడువు దాటాక ఖాయం చేస్తారు, ఆ తర్వాత ఇంకో రెండు నెలలకి గానీ బ్యాంకులో పడదు. దసరాకి చేసిన కష్టం సంక్రాంతికి చేతికి వస్తుందని లెక్క వేసుకో. చేరిన 180 రోజుల్లో కనీసం మూడు అమ్మకాలు రాకపోతే అమెజాన్ ఖాతా మూసేస్తుంది. నువ్వు నీ లింకు మీద నువ్వే కొనుక్కుంటే అది లెక్కలోకి రాదు. మీ అమ్మ చేత కొనిపించే ఆలోచన కూడా పెట్టుకోకు.

పాన్ కార్డు వివరం సరిగ్గా ఇవ్వు. కమీషన్ మీద టీడీఎస్, అంటే మన చేతికి ఇచ్చే ముందే పట్టుకునే పన్ను, 2024 అక్టోబరు నుంచి 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గింది. పాన్ ఇవ్వకపోతే మాత్రం 20 శాతం పట్టుకుంటారు. పన్ను కట్టేంత ఆదాయం లేకపోతే, పట్టుకున్నది రిటర్న్ వేసి తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1994లో మాకు కోట వైపు వెళ్ళే రోడ్డులో కొట్టు ఉండేది. గిన్నెలూ బిందెలే అమ్మేవాళ్ళం. బరంపురంలో ఒక పెద్ద దుకాణం ఉండేది, పేరు ఇప్పుడెందుకులే. వాళ్ళు కుట్టుమిషన్లు అమ్మేవాళ్ళు. మీ పెదనాన్నకి వాళ్ళు గులాబీ రంగు కూపన్లు 200 ఇచ్చారు. కూపన్ వెనక మా కొట్టు ముద్ర వేసి ఊళ్ళో పంచాలి. అది పట్టుకెళ్ళి కొన్నవాళ్ళకి మిషను మీద 200 రూపాయలు తగ్గిస్తారు, తిరిగి వచ్చిన ఒక్కో కూపన్‌కి మాకు 20 రూపాయలు. ఇప్పుడు నీ లింకులో ఉండే గుర్తు, అప్పుడు మా ముద్ర. తేడా ఏమీ లేదు.

గుమ్మ వైపు కొండ ఊరి నుంచి ఒకావిడ సంతకి వచ్చేది. చింతపండు, జీడిపిక్కలు తెచ్చి అమ్ముకునేది. వచ్చినప్పుడల్లా మా కొట్టు అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగేది. కూతురికి కుట్టుపని వచ్చు, మిషను కొనాలని రెండేళ్ళుగా డబ్బు కూడబెడుతోంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆవిడకి కూపన్ ఇచ్చింది నేనే. "ఇది పట్టుకెళ్ళు, 200 తగ్గుతుంది" అని నా నోటితో చెప్పాను.

అయితే నేను ఆ మాట అనే నాటికే స్కీము ముగిసిపోయింది. నెలాఖరుతో ఆపేస్తున్నామని దుకాణం నుంచి మాకు కార్డు వచ్చింది. అది గల్లాపెట్టెలోనే ఉంది. ఇంకా 60 కూపన్లు మిగిలి ఉన్నాయి. వాటి మీద తేదీ అచ్చు వేయలేదు. నాలుగు రోజులు అటూ ఇటూ అయితే దుకాణంవాళ్ళు కాదనరులే అనుకున్నాను. బుజ్జీ, ఒట్టుగా చెబుతున్నాను, ఆ 20 రూపాయలే నా కళ్ళ ముందు ఉన్నాయి. మీ పెదనాన్న "అవి తీసి పక్కన పెట్టెయ్" అన్నారు కూడా. నేను పెట్టలేదు.

ఆవిడ మర్నాడు కూతురిని వెంటబెట్టుకుని బస్సెక్కి బరంపురం వెళ్ళింది. అప్పటి రోడ్లకి ఒక పూటంతా ప్రయాణమే. వాళ్ళ దగ్గర మిషను ధరకి సరిగ్గా 200 తక్కువ ఉంది. దుకాణంలో కూపన్ చూసి, ఇది చెల్లదు అన్నారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఇద్దరూ మా కొట్టు ముందు దిగారు. కూతురు లోపలికి రాలేదు, రోడ్డు మీదే నిలబడింది. ఆవిడ చెంగున కట్టిన కూపన్ విప్పి బల్ల మీద పెట్టింది. మడతలు పడి, చెమటకి మా ముద్ర కొంచెం చెదిరిపోయింది. "అమ్మా, ఇది చెల్లదంట" అంది. అరవలేదు, నన్నేమీ అనలేదు.

నేనేమన్నానో తెలుసా? "స్కీము వాళ్ళది, నేనేం చెయ్యను" అన్నాను. ఆ మాట ఇన్నేళ్ళయినా నా చెవిలో ఉంది. బస్సు ఖర్చయినా చేతిలో పెట్టలేదు. మంచినీళ్ళు తాగుతావా అని అడగలేదు. ఆవిడ కాసేపు నిలబడి, కూపన్ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ రాత్రి మీ పెదనాన్న అన్నం ముందు కూర్చుని కలిపి, తినకుండా లేచిపోయారు. మిగిలిన కూపన్లు మర్నాడు పొయ్యిలో వేశాను. 200 రూపాయలూ బస్సు ఖర్చూ ఒక కాగితంలో చుట్టి గల్లాపెట్టెలో పెట్టి ఉంచాను, ఆవిడ వస్తే ఇద్దామని. ఆవిడ మళ్ళీ మా అరుగు ఎక్కలేదు. ఏడాది తర్వాత సంతలో కనబడితే ఆ డబ్బు తీసుకుని వెళ్ళి పలకరించాను. తలూపింది. చింతపండు తూచుకుంటూ ఉండిపోయింది. చెయ్యి చాపలేదు.

ఇదంతా నీకెందుకు చెబుతున్నానంటే, నువ్వు చేయబోయే పనిలో ఈ తప్పు ఇంకా సులువు. మా కాలంలో చెల్లని కూపన్‌కి మాకు 20 రూపాయలు రాలేదు. ఇప్పుడు వస్తాయి. ఇప్పటి కూపన్ అంటే డబ్బు కట్టేటప్పుడు కొట్టే కోడ్. చాలా కూపన్ పేజీల్లో "కోడ్ చూపించు" అని ఒక బొత్తాం ఉంటుంది. అది నొక్కగానే దుకాణం పేజీ తెరుచుకుంటుంది, నీ గుర్తు అక్కడ పడిపోతుంది. కోడ్ పని చేయకపోయినా, అంత దూరం వచ్చాను కదా అని ఆవిడ కొనేస్తే నీకు కమీషన్ వస్తుంది. అందుకే ఎప్పుడో చచ్చిపోయిన కోడ్‌లు కూడా కొందరు తీయకుండా ఉంచుతారు. నీకూ ఆ ఆశ పుడుతుంది. ఒక నెల ఏమీ రానప్పుడు తప్పకుండా పుడుతుంది. అప్పుడు ఆ రోడ్డు మీద నిలబడిన కూతురిని తలుచుకో.

కాబట్టి ఏ కోడ్ అయినా నువ్వే బుట్టలో సామాను వేసి, డబ్బు కట్టే మెట్టు దాకా వెళ్ళి చూసి, అప్పుడే పెట్టు. చూసిన తేదీ పక్కనే రాయి. గడువు ముగిసిన రోజే తీసెయ్, మర్నాడు చూద్దాంలే అనుకోవద్దు. వంద దుకాణాలు పెట్టుకుంటే ఇది చేయలేవు. ఎనిమిదో పదో చాలు.

షరతులు తెలుగులో విడమరిచి రాయి. కొత్త కస్టమర్లకేనా, ఫలానా బ్యాంకు కార్డుకేనా, కనీసం ఎంతకి కొనాలి, సగం ధర అన్నది ఎన్ని రూపాయల దగ్గర ఆగిపోతుంది, ఇవన్నీ ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. మన సరిహద్దు ఊళ్ళలో స్కూల్లో ఒడియా, ఇంట్లో తెలుగు. ఆ ఇంగ్లీషు ఎవరు చదువుతారు? మన ఊళ్ళో మాస్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు గారు జనం మాట్లాడే భాషలోనే రాయాలని ఎంత పోరాడారో నీకు చెప్పక్కర్లేదు. నువ్వు మీ అమ్మతో మాట్లాడినట్టే రాయి. ఇంకొకటి, మన ఊరి 761200 పిన్‌కోడ్ పెట్టి చూడు. హైదరాబాదుకి వచ్చే ప్రతి సామానూ మనకి రాదు. ఆఫర్ చెప్పి, చివరికి మీ ఊరికి డెలివరీ లేదంటే అదీ చెల్లని కూపనే.

రజ పండగకి ఇక్కడ ఆడపిల్లలకి కొత్త బట్టలు కొంటారని, రథయాత్రకి చుట్టాలు దిగుతారని అవతలి జిల్లాలవాళ్ళకి తెలియదు, నీకు తెలుసు. పదిహేను రోజుల ముందే రాసి పెట్టుకో. చదివేవాళ్ళు వెతుక్కుంటూ వస్తారని గూగుల్ ఒక్కదాన్నే నమ్ముకోకు. 2024 మే నుంచి పెద్ద పెద్ద వార్తాపత్రికల కూపన్ పేజీలనే కిందికి తోసేసింది, మనం ఎంత?

లింకు నొక్కి కొంటే నీకు కమీషన్ వస్తుందని వ్యాసం మొదట్లోనే, తెలుగులో, కనబడేలా రాయి. డబ్బు తీసుకుని ఒక వస్తువు గురించి చెబితే ఆ సంగతి బయటపెట్టాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మాట రాస్తే జనం పారిపోతారని నువ్వు అనుకుంటావు, నేనూ అనుకున్నాను. ఎవరూ పారిపోలేదు. "మీకు నాలుగు రూపాయలు వస్తే రానీయండి అమ్మా" అని పాతపట్నం నుంచి ఒకాయన నాకు రాశారు.

రాత్రి పదకొండు తర్వాత ఫోన్ పక్కన పెట్టెయ్. అర్ధరాత్రి పన్నెండుకి సేల్ మొదలవుతుందని కూర్చుని నేను కళ్ళు పాడు చేసుకున్నాను. నీకు అసలే చిన్నప్పటి నుంచి తలనొప్పి. పరీక్షల ముందు నా ఒళ్ళో తల పెట్టుకుని నుదురు నొక్కించుకునేదానివి, గుర్తుందా?

వచ్చే శనివారం స్కూలు అయ్యాక బస్సెక్కి వచ్చెయ్. నీ మొదటి పది కోడ్‌లు రాసుకుని తీసుకురా, ఒక్కొక్కటీ బుట్టలో వేసి ఇద్దరం చూద్దాం. గొలుసు మెడలో వేసుకునే రా. నీకోసం జీడిపప్పు వేయించి డబ్బాలో పెట్టాను.

మీ పెద్దమ్మ