అది ఫాంటేనా, చూశావా?

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

విశాఖపట్నంలో ఉద్యోగం మానేసి విజయనగరంలోనే డిజైన్ పని మొదలుపెడుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడిది ఒట్టి దిగులే. నాకు మాత్రం దిగులూ గర్వమూ రెండూ ఉన్నాయి. గంటస్తంభం దగ్గర మా డీటీపీ షాపు మూసేశాక ఈ పని మన ఇంట్లో ఇక ఎవరికీ పట్టదనుకున్నాను.

నా భయమల్లా ఒకటే. ఎవరైనా ఫొటో చూపించి "ఇవే అక్షరాలు కావాలి" అంటే నువ్వు వెంటనే "సరేనండీ" అనేస్తావు. కాదనడం నీకు చిన్నప్పటినుంచీ చేతకాదు.

షాపులో నా భాగస్వామి అలాగే అన్నాడు. పొందూరు ఖద్దరు అమ్మే ఒక పెద్దమనిషి తన బోర్డు మీది అక్షరాలతోనే బిల్లు పుస్తకాలు కావాలన్నాడు. మనవాడు ఫొటో చూసి, "అనులో ఉంది, సాయంత్రానికి ఇస్తా"నని అడ్వాన్సు పుచ్చుకున్నాడు. అను అంటే అప్పట్లో మేం వాడిన తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్. అందులోని ఫాంట్లన్నీ తిరగేసినా దొరకలేదు. చివరికి దగ్గరగా ఉన్నదొకటి పట్టుకుని అడ్డంగా సాగదీశాడు. అలా సాగదీస్తే నిలువు గీతలు లావెక్కుతాయి, అడ్డగీతలు సన్నగానే ఉండిపోతాయి. గుండ్రటి సున్న కోడిగుడ్డయింది. అచ్చయి వచ్చిన పుస్తకాలను ఆ పెద్దమనిషి కౌంటరు మీద పెట్టి, ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయాడు. మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

తరవాత నేను వెళ్లి ఆ బోర్డు చూశాను. "ఖద్దరు వస్త్ర వ్యాపారం" అని ఉంది. ఖద్దరులో 'ర' తలకట్టు దర్జాగా సాగింది. వ్యాపారం దగ్గరికి వచ్చేసరికి రేకు మీద చోటు చాలక, అదే తలకట్టు పొట్టిదైపోయింది. అది ఫాంటే కాదు తల్లీ, పెయింటరు చేతి రాత! అందుకే ముందు ఒకే అక్షరం రెండుచోట్ల వెతుకు. రెండూ అచ్చుగుద్దినట్టుంటేనే ఫాంటు సంగతి. లేదంటే షాపు పేరు వరకు ఫొటో మీద గీసుకుని, మిగతాదానికి దగ్గరి ఫాంటు వాడతానని ముందే చెప్పు. ఆ పెయింటరు అప్పటికి ఊళ్లోనే ఉన్నాడు, అడిగితే కాగితం మీద మళ్లీ రాసిచ్చేవాడు.

ఇక మిగతావి. పాత పీడీఎఫ్ ఉంటే దాని ప్రాపర్టీస్‌లో ఫాంటు పేరు కనిపిస్తుంది, కర్వ్స్ చేసేసి, అంటే అక్షరాలను ఉత్త గీతల బొమ్మలుగా మార్చేసి ఉంటే కనిపించదు. ఫొటో చూసి పేరు చెప్పే వెబ్‌సైట్లు ఇంగ్లీషు అక్షరాలకు పనికొస్తాయి. తెలుగుకు నీ కళ్లే దిక్కు. శ్రీలో రావత్తు ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో, క్ష, ఘ, ఱ ఎలా ఉన్నాయో చూడు. ఫాంటు ఫాంటుకీ తేడా అక్కడే బయటపడుతుంది. అనులో చేసిన పాత ఫైలు నీ కంప్యూటర్‌లో పిచ్చి ఇంగ్లీషులా కనిపిస్తే కంగారుపడకు, అది ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ చదివే యూనికోడ్ పద్ధతిలో లేదు, అంతే.

గూగుల్ ఫాంట్లలో గురజాడ, గిడుగు ఉన్నాయి, చూశావా? మన వాళ్ల పేర్లే! ఓపెన్ లైసెన్సు కాబట్టి కస్టమర్ల పనికి వాడుకోవచ్చు, ఫాంటును విడిగా అమ్మడానికి మాత్రం లేదు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఫాంట్లు మాత్రం వాడకు. ఈ విషయంలో నాతో వాదించకు.

ప్రెస్సుకు పంపేముందు కర్వ్స్ చెయ్యి, చెయ్యని కాపీ ఒకటి దాచుకో.

సిరిమానోత్సవం ఫ్లెక్సీలు ఒప్పుకున్నావట. ప్రూఫ్ నాకు పంపు. స్క్రీన్‌షాట్ కాదు, పీడీఎఫ్. వత్తులు నేను చూస్తాను.

పెదనాన్న