పాఠకుల ప్రశ్న: పాటన్ వాడల్లో ఒక పూట

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయినిని. మేము ఆరుగురం పశుపతినాథుని దర్శనానికి కఠ్మాండు వెళుతున్నాము. దర్శనం తర్వాత ఒక రోజు మిగులుతుంది. అక్కడ తరతరాలుగా ఉంటున్న నేవార్ అనే స్థానిక జాతి వారి పాత వాడల్ని గైడు వెంట నడిచి చూడవచ్చునని విన్నాము. మాలో ఇద్దరికి మోకాళ్ళ నొప్పులున్నాయి. అదే రోజు కారులో తిరిగితే కఠ్మాండు, పాటన్, భక్తపూర్ మూడూ చూడవచ్చు కదా?
— ఒక పాఠకురాలు, తాడిపత్రి, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, మూడు నగరాలనూ ఒక్క రోజులో చుట్టాలనుకోకండి. కఠ్మాండు పక్కనే ఉన్న పాటన్ ఒక్కటే పెట్టుకొని, ఒక పూట నెమ్మదిగా నడవండి. నేవార్ల వాడల్లో చూడవలసినది చాలావరకు కారు వెళ్ళలేని చోటే ఉంటుంది. వీధి వైపు చిన్న గుమ్మం మాత్రమే కనిపిస్తుంది. తల వంచి లోపలికి వెళితే చుట్టూ ఇళ్ళు, నడుమ చైత్యాలు (చిన్న స్తూపాలు) ఉన్న ప్రాంగణం ఎదురవుతుంది. బౌద్ధ విహారంగా ఏర్పడి, ఈనాటికీ కుటుంబాలు కాపురముంటున్న ఇటువంటి ప్రాంగణాన్ని బాహాల్ అంటారు.

నడకను పాత రాజభవనం ముందున్న దర్బారు చౌకులో మొదలుపెట్టండి. సిద్ధినరసింహ మల్ల రాజు 1637లో కట్టించిన కృష్ణ మందిరం అక్కడే ఉంది. రామాయణ, భారత ఘట్టాలను రాతిపై వరుసగా చెక్కి, కింద నేవార్ల భాషలో వాటి వివరం కూడా రాశారు. మీ ఊరి చింతల వెంకటరమణస్వామి గుడి గోడలపై రామకథను చూస్తూ పెరిగిన మీకు ఆ శిల్పాలను పోల్చి చూడడంలో కలిగే ఆనందం వేరు, అక్కడ తొందరపడవద్దు. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో ఆ చౌకులోని చార్ నారాయణ, హరిశంకర ఆలయాలు నేలమట్టమయ్యాయి. శిథిలాల్లోంచి చెక్కడపు కొయ్యలను ఏరి దాచి, వాటిని వాడి స్థానిక శిల్పులు మళ్ళీ నిలబెట్టారు. ఏ కొయ్య పాతది, ఏది కొత్తదో చూపించమని గైడును అడగండి.

పక్కనే మంగ హితి ఉంది. హితి అంటే నేల మట్టానికి దిగువన, మెట్లు దిగి చేరే రాతి ధారల తావు. మన కోనేటిలో నీరు నిలిచి ఉంటే, ఇక్కడ మకర ముఖాల నుంచి ధారగా పడుతుంది. ఇది 6వ శతాబ్దపుది. చుట్టూ ఉన్న మల్ల రాజుల కట్టడాల కన్నా ఎంతో పాతది.

అక్కడి నుంచి ఉత్తరంగా కొద్ది దూరం నడిస్తే హిరణ్యవర్ణ మహావిహారమనే బౌద్ధ విహారం వస్తుంది. తోలు వస్తువులతో లోపలికి వెళ్ళనివ్వరు గనుక చెప్పులు, బెల్టు, తోలు సంచి విషయం ముందే చూసుకోండి. ఇంకొంచెం ముందుకు వెళితే అయిదంతస్తుల కప్పులున్న కుంభేశ్వరాలయం ఉంటుంది. హిమాలయాల్లోని గోసాయికుండ సరస్సు జలమే దాని కోనేటిలోకి వస్తుందని భక్తుల నమ్మకం. శివాలయం, బౌద్ధ విహారం ఇంత దగ్గరగా ఉండి, రెంటికీ అవే కుటుంబాలు మొక్కడం నేవార్ల వాడల ప్రత్యేకత.

మోకాళ్ళ నొప్పులున్న వారు దిగులు పడనక్కర లేదు. వీధి మలుపుల్లో ఫల్చాలనే కప్పు వేసిన అరుగులు ఉంటాయి. బాటసారులు కూర్చోవడానికి కట్టినవే కనుక మన రచ్చబండ మీద కూర్చున్నట్టే నిస్సంకోచంగా కూర్చోవచ్చు. ఉదయం పూజల వేళకు బయలుదేరితే వాడ మేలుకొని ఉంటుంది. భారతీయులకు వీసా అవసరం లేదు గాని పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు దగ్గర ఉంచుకోండి. సార్క్ దేశాల వారికి ప్రవేశ రుసుము తక్కువ కనుక టిక్కెట్టు కొనేటప్పుడు కూడా దానిని చూపించండి. గైడును మాట్లాడుకునేటప్పుడు ఆ వాడలోనే పుట్టిపెరిగిన నేవారు ఎవరైనా ఉన్నారేమో ముందుగా అడగండి. ఏ బాహాల్ గుమ్మం దాటవచ్చో, ఎక్కడ ఫొటో తీయకూడదో వారికే తెలుస్తుంది.